ఆదివారం పూట ఒక పావుగంట
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సమావేశంలో పాత రోజుల గురించి ఒక్కొక్కరు ఒక్కో విషయం మాట్లాడాలని కార్యదర్శిగారు ఏర్పాటు చేశారు. ఒకరికి సైకిలు వచ్చింది, ఒకరికి రేషను కార్డు వచ్చింది. నాకు దూరదర్శన్ వచ్చింది. "ఇంట్లో ఒకే చానెల్ వచ్చే రోజుల్లో పొద్దున్న నుంచి రాత్రి దాకా ఏమేమి చూసేవాళ్ళమో చెప్పండి. పావుగంట చాలు" అన్నారు. పావుగంట అన్న మాట వినగానే నాకొక సంగతి గుర్తుకు వచ్చింది. దాన్ని ఇంతవరకు బయట ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు మీ ముందు చెప్పాలనే అనుకుని వచ్చాను. అయితే ముందు కాస్త నేపథ్యం చెప్పాలి, ఓపిక పట్టండి.

మనమంతా తపాలా శాఖలో పనిచేసినవాళ్ళం. కాబట్టి టి.వి.తో మన సంబంధం ఇంట్లో మొదలుకాలేదు, కౌంటరు దగ్గర మొదలైంది. రేడియోకి, టి.వి.కి లైసెన్సు ఉండేదని ఈ కాలం పిల్లలకు చెబితే నవ్వుతారు. కానీ ఆ లైసెన్సు పుస్తకంలో బిళ్ళలు అంటించి ముద్ర కొట్టిన చేతులు ఇక్కడ కనీసం యాభై ఉంటాయి. 1985లో ఆ లైసెన్సులు ఎత్తివేశారు. అంతదాకా ఏటా జనం వచ్చి వరుసలో నిలబడి కట్టేవారు. ఒకాయన ఏటా వచ్చి నాతో పోట్లాడేవాడు. "మా ఇంట్లో బొమ్మ సరిగా రాదు, చీమలు పాకినట్టు ఉంటుంది. చీమలకు కూడా లైసెన్సు కట్టాలా?" అనేవాడు. పోట్లాడి, తిట్టి, చివరికి కట్టి పోయేవాడు. పోతూ పోతూ ఒక మాట అనేవాడు: "నా డబ్బుతో నడుస్తున్నదయ్యా, నాకు కావలసింది కూడా వెయ్యమని చెప్పు." నేనెవరికి చెప్పను? ముద్ర కొట్టి పంపేవాణ్ణి. ఆ మాటలో ఉన్న న్యాయం నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని అర్థం కాలేదు.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. మన తెలుగువాళ్ళలో దాన్ని మొదట చూసినవాళ్ళు పట్నంవాళ్ళు అనుకుంటే పొరపాటు. పల్లెటూరివాళ్ళు ముందు చూశారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, సరిగ్గా ఒక సంవత్సరం పాటు, అమెరికావారి ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టి.వి. కార్యక్రమాలు పంపించారు. ఆ ప్రయోగాన్ని 'సైట్' అన్నారు. మన రాష్ట్రమూ అందులో ఉంది. నేను అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక సబ్ పోస్టాఫీసులో గుమాస్తాని. మా కింద ఉన్న ఒక బ్రాంచి పోస్టాఫీసు ఊరికి సెట్టు వచ్చింది. ఆ ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు బడిపంతులు కూడా. టి.వి. పెట్టె తాళం ఆయన దగ్గరే ఉండేది. ఒక సాయంత్రం నన్ను రమ్మని కబురు పెట్టాడు, సైకిలు మీద వెళ్ళాను.

బడి ముందు పది అడుగుల వెడల్పున ఇనుప తీగల జల్లెడ లాంటి గొడుగు ఆకాశంవైపు తిరిగి ఉంది. ఊరంతా నేల మీద కూర్చుంది. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, పాటలు, ఆటలు, వార్తలు. అందులో మన తెలుగు కొంతసేపే. మిగతా సమయం వేరే భాషలవాళ్ళది. అయినా ఎవరూ లేచిపోలేదు. కన్నడంలో ఎవరో గేదెకు వచ్చే జబ్బు గురించి చెబుతుంటే, నా పక్కన కూర్చున్న ముసలాయన "మాట తెలియకున్నా గేదె తెలుస్తున్నది గదా" అన్నాడు. సంవత్సరం తిరగ్గానే ఆ ఉపగ్రహాన్ని తీసుకుపోయారు. తర్వాత ఆ ఊరి మనిషి ఎవరు పోస్టాఫీసుకు వచ్చినా, "ఆ పెట్టె మళ్ళీ ఎప్పుడు పలుకుతుంది సారూ?" అని నన్నే అడిగేవారు. సర్కారు వాళ్ళందరిలో వాళ్ళకు తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే మరి.

తర్వాత 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982 ఆగస్టు 15న రంగులు వచ్చాయి, దేశమంతటికీ కలిపి ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమమూ వచ్చింది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్‌గారు తెలుగులో మొదటిసారి వార్తలు చదివారు. ఎదురుగా చూసి చదివే యంత్రం లేని రోజులవి. వార్తలు గుర్తు పెట్టుకుని మన కళ్ళలోకి చూస్తూ చెప్పేవారు. ఆయన 2024 ఏప్రిల్‌లో కాలం చేశారని విన్నప్పుడు, మా ఆవిడ దగ్గరి చుట్టం పోయినట్టు బాధపడింది.

నేను బదిలీ మీద హైదరాబాదు వచ్చి, జి.పి.ఎఫ్. అడ్వాన్సు పెట్టి 1986లో సెట్టు కొన్నాను. మన ఇ.సి.ఐ.ఎల్. వారి ఇ.సి. టి.వి., బ్లాక్ అండ్ వైటు. డాబా మీద యాంటెన్నా. నేను పైన నిలబడి తిప్పడం, మా ఆవిడ వాకిట్లోంచి "వచ్చింది, వచ్చింది... అయ్యో పోయింది" అనడం. ఈ ముచ్చట మీ అందరి ఇళ్ళలోనూ జరిగే ఉంటుంది.

ఇప్పుడు మీరు అడిగిన ఆ ఒక రోజు చెబుతాను. 1989లో ఒక ఆదివారం అనుకోండి.

అప్పుడు మా ఇంట్లో ఆరుగురం. మా అమ్మ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అక్కయ్య. అక్కయ్య నాకన్నా ఆరేళ్ళు పెద్దది. మూడో ఏట విషజ్వరం వచ్చి చెవులు పోయాయి, దాంతో మాట కూడా రాలేదు. బడికి పంపలేదు, పెళ్ళి చేయలేదు. ఇంటి పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎవరైనా ఇంటికి వస్తే మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోయేది. చేతులు తిప్పుతూ ఏదైనా చెప్పబోతే అమ్మ కళ్ళతోనే కసిరేది. నలుగురిలో అలా చేతులు ఆడించడం నామోషీ అని మా అమ్మ అభిప్రాయం. అందుకని అక్కయ్య మనుషుల ముందు రెండు చేతులూ పమిట కొంగు కింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఆ అలవాటును మేము ఆమె నెమ్మదితనం అనుకునేవాళ్ళం.

పొద్దున ఆ షెహనాయి రాగం, గుండ్రంగా తిరుగుతూ కన్నులాగా కలిసే ఆ గుర్తు. ఆ రాగం వినగానే పిల్లలు పళ్ళు తోముకోకుండానే వచ్చి కూర్చునేవారు. తొమ్మిది అయ్యేసరికి వాకిట్లో చెప్పుల కుప్ప. మహాభారతం. 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ 24 దాకా, మొత్తం 94 భాగాలు. బి.ఆర్. చోప్రాగారు తీశారు, మాటలు రాసినది రాహీ మాసూమ్ రజాగారు. ఎదురింటి ఖాదర్ భాయి మా అమ్మ పక్కనే కూర్చుని ఆ హిందీని తెలుగు చేసి చెప్పేవాడు. అమ్మకు భారతమంతా కంఠతా వచ్చు, ఆయనకు భాష వచ్చు. ఇద్దరూ కలిసి చూస్తేనే పూర్తి అయ్యేది. ఒక్కోసారి కరెంటు పోయేది. ఒక్కోసారి కరెంటు ఉండగానే బొమ్మ పోయి, 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న బోర్డు వచ్చేది. అప్పుడు గదిలో ఉన్న పాతికమందీ ఆ బోర్డునే చూస్తూ కూర్చునేవాళ్ళం.

భారతం అయిపోగానే ఇల్లు ఖాళీ. ఆ తర్వాత 'భారత్ ఏక్ ఖోజ్' వచ్చేది. నెహ్రూగారి పుస్తకం ఆధారంగా శ్యాం బెనెగల్‌గారు తీశారు. దానికి చెప్పులు ఉండేవి కావు. మా అమ్మాయి, నేను మాత్రం చూసేవాళ్ళం. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. అశోకుడు, అక్బరు బడి పుస్తకంలోంచి లేచి మా గదిలోకి వచ్చారని దాని సంబరం.

మధ్యాహ్నం భోజనాల వేళ నేను సెట్టు కట్టేసేవాణ్ణి. కొయ్య తలుపులు మూసి, పైన మా ఆవిడ కుట్టిన గుడ్డ కప్పేవాణ్ణి. సెట్టు వేడెక్కుతుంది, కరెంటు దండుగ, ఇంకా వాయిదాలు తీరలేదు. ఇవీ నా కారణాలు. ఆ వేళ వచ్చేది బధిరుల వార్తలు. 1987లో మొదలుపెట్టారు, వారానికి ఒకసారి, పావుగంట. మాట వినిపిస్తూనే ఉండేది, తెర మీద చేతులతో చెప్పేవారు. నాకు అది తెలుసు. కానీ "మనకెందుకు అది" అనుకునేవాణ్ణి. ఇంట్లో అక్కయ్యను పెట్టుకుని, మనకెందుకు అనుకున్నాను. ఇదే నేను మీ ముందు చెప్పుకోవాలని వచ్చిన తప్పు. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, సెట్టు కొన్న తర్వాత ఎన్నో ఆదివారాలు అలా కట్టేశాను.

ఆ ఆదివారం ఎందుకో నేను బజారుకు వెళ్ళాను. పిల్లలు సెట్టు కట్టకుండా ఆడుకోవడానికి పోయారు. నేను తిరిగి వచ్చేసరికి అక్కయ్య ఒక్కతే టి.వి. ముందు నిలబడి ఉంది. కూర్చోలేదు, నిలబడే ఉంది. తెర మీద ఒకావిడ చక్కగా చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, రెండు చేతులతో వార్తలు చెబుతోంది. ప్రధానమంత్రి సంగతి, వరదల సంగతి, ఆటల సంగతి, అన్నీ చేతులతో. అక్కయ్యకు ఆ సైగల భాష రాదు, ఎవరూ నేర్పలేదు. అందులో ఆమెకు ఎంత అర్థమయిందో చెప్పలేను. కానీ ఆమె చేతులు కొంగు కిందనుంచి బయటికి వచ్చి ఉన్నాయి. తెర మీద చేయి ఎలా తిరిగితే ఈమె వేళ్ళు అలా కొంచెం కొంచెం కదులుతున్నాయి.

నన్ను చూసింది. టి.వి. వైపు చూపించింది, తన చేతులు చూపించుకుంది, తర్వాత వంటింట్లో ఉన్న అమ్మవైపు వేలు చూపించింది. అంటే, "అక్కడ ఆవిడ దేశమంతా చూస్తుండగా చేతులతో మాట్లాడుతోంది. అమ్మ నన్నెందుకు వద్దంటుంది?" అని. నాకు అలా అర్థమయింది. ఆ తర్వాత ఇంకొకటి అడిగింది. సెట్టు మీద కప్పే గుడ్డ చేతిలోకి తీసుకుని, నావైపు చూసి, ఎందుకు అన్నట్టు చెయ్యి తిప్పింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ లేదు.

మరుసటి ఆదివారం నుంచి ఆ పావుగంట మా ఇంట్లో అక్కయ్యది. ముందర అమ్మ గొణిగింది. తర్వాత తానే వచ్చి పక్కన కూర్చుంది. పిల్లలు ఆటగా ఆ సైగలు పట్టుకుని అక్కయ్యతో మాట్లాడటం మొదలుపెట్టారు. కొన్ని టి.వి.లో చూసినవి, కొన్ని వాళ్ళే కల్పించుకున్నవి. ఏడాది తిరిగేసరికి మా ఇంట్లో ఇంకొక భాష పుట్టింది. అక్కయ్యకు ఇన్ని మాటలు ఉన్నాయని అప్పుడు తెలిసింది. మా చిన్నప్పుడు మా నాన్నగారు పోయిన రోజు ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడ్చినట్టు నటించారో అన్నీ చేతులతో చేసి చూపించింది. నలభై ఏళ్ళు దాచి పెట్టుకుంది ఆ కబుర్లన్నీ.

రోజు ఇంకా అయిపోలేదు. ఆ వార్తల తర్వాత ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రం. ఒక వారం మలయాళం, ఒక వారం బెంగాలీ, ఒక వారం అస్సామీ, మన తెలుగుకు వంతు ఎప్పుడో వచ్చేది. కింద ఇంగ్లీషు అక్షరాలు. పాటలు ఉండవు, దెబ్బలాటలు ఉండవు, అందరికీ నిద్ర వచ్చేది. మెలకువగా చూసేది అక్కయ్య ఒక్కతే. ఆ సినిమాల్లో మాటలు తక్కువ, మొహాలు ఎక్కువ. మేము అక్షరాలు చదువుకుంటూ కథ తప్పిపోయేవాళ్ళం, ఆమె మొహాలు చూసి కథ పట్టుకునేది. సాయంత్రం మాకు ఆ కథ చెప్పేది. భాష వచ్చినవాళ్ళకు భాష రానిదని మేము అనుకున్న మనిషి కథ చెప్పేది.

సాయంత్రం హిందీ సినిమా, మళ్ళీ చెప్పుల కుప్ప. సరిగ్గా మంచి ఘట్టంలో ఆపి వార్తలు. రాత్రి పొద్దుపోయాక ఏ వీణో, సారంగియో. చూసేవాళ్ళు లేకపోయినా విద్వాంసులు కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉండేవారు.

ఇక మామూలు రోజుల్లో సంగతి. మధ్యాహ్నం యూజీసీ వారి పాఠాలు 1984 నుంచి వచ్చేవి. మా అమ్మ చింతపండు గింజలు తీస్తూ ఇంగ్లీషులో రసాయన శాస్త్రం చూసేది. "ఏమర్థమయిందమ్మా?" అంటే, "ఆ అబ్బాయి ఎంత శ్రద్ధగా చెబుతున్నాడో చూడు, లేచిపోతే బాగుంటుందా?" అనేది. సాయంత్రం హైదరాబాదు కేంద్రం నుంచి రైతులకు, స్త్రీలకు, పిల్లలకు వేర్వేరుగా కార్యక్రమాలు. తప్పిపోయినవారి ఫొటోలు. శుక్రవారం చిత్రలహరి. జాబులు-జవాబులు అయితే మన కార్యక్రమమే అనుకోండి. జనం రాసిన ఉత్తరాలు తెర మీద చదివి జవాబు చెబుతుంటే, ఆ సంచులు మోసినవాళ్ళం మనం కదా అని గర్వంగా ఉండేది. 1990లో మొదలైన 'సురభి' సంగతి చెప్పనక్కరలేదు. పదిహేను పైసల కార్డులు కుప్పలు తెప్పలుగా పడితే, చివరికి మన శాఖ పోటీలకని ఎక్కువ ధరకు వేరే కార్డు తీయవలసి వచ్చింది. ఆ రోజుల్లో సార్టింగులో ఉన్నవారు ఇక్కడ ఉన్నారు, వారిని అడగండి, నడుము నొప్పి ఇంకా ఉందేమో.

నేను దూరదర్శన్‌ను పొగడటానికి రాలేదు. లోపాలు మనకందరికీ తెలిసినవే. ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం ప్రభుత్వం మాటే వార్త. 1975 నాటి ఎమర్జెన్సీలో అది ఎంత దూరం పోయిందో చూశాం. అందుకే ప్రసార భారతి చట్టం 1990లో చేశారు, అది అమలులోకి వచ్చేసరికి 1997 అయింది. జిల్లాల్లో చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టిన కొత్తలో అక్కడివారికి ఢిల్లీ కార్యక్రమాలే వచ్చేవి, తెలుగు కోసం మొహం వాచిపోయేవారు. ఇవన్నీ నిజమే.

అయినా ఒక్క సంగతి ఆలోచించండి. బధిరుల వార్తలు కావాలని ఏ సబ్బుల కంపెనీ అడిగింది? వరి తెగులు గురించి చెప్పమని ఏ శీతల పానీయంవాడు డబ్బిచ్చాడు? అస్సామీ సినిమా చూస్తామని హైదరాబాదులో ఎంతమంది అర్జీ పెట్టారు? లెక్క చూస్తే ఈ పావుగంటలకు చూసేవాళ్ళు తక్కువ. అయినా వేశారు. నా కౌంటరు దగ్గర పోట్లాడిన ఆయన అన్నది అదే కదా: "నాకు కావలసింది కూడా వెయ్యమని చెప్పు." ఆయన లాంటివాళ్ళు దేశమంతా కట్టారు. అందులో రైతు ఉన్నాడు, విద్యార్థి ఉన్నాడు, వీణ వినేవాడు ఉన్నాడు, చెవులు వినపడని మా అక్కయ్య ఉంది. అందరిదీ అయినప్పుడు అందరికీ ఒక పావుగంట ఇవ్వాలి. ఇది మొదటి సంగతి.

రెండో సంగతి మన ఇళ్ళది. ఒకే చానెల్ కాబట్టి ఎవరి పావుగంట వచ్చినా మిగతావాళ్ళు దాని ముందు కూర్చోవలసి వచ్చేది. విసుక్కున్నాం, నిజమే. కానీ ఆ విసుగులోనే మా అమ్మ రసాయన శాస్త్రం చూసింది, పట్నం పిల్లలు వరి నాట్లు చూశారు, నేను మా అక్కయ్యను చూశాను. ఆ పావుగంటే రాకపోతే ఆమె కొంగు కింద చేతులు పెట్టుకునే వెళ్ళిపోయేది, మేము నెమ్మదైన మనిషి అనుకుంటూనే ఉండేవాళ్ళం.

అక్కయ్య 2009లో పోయింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నొప్పి ఎక్కడో, ఎలాంటిదో డాక్టర్లకు తెలియలేదు. "పేషెంటు సహకరించడం లేదు" అని రాసుకున్నారు. మా అమ్మాయి ఊరినుంచి వచ్చి మంచం పక్కన కూర్చుని పెద్దత్త చేతులు చూసింది. "కడుపులో కాదు, వెనక వీపులోంచి ముందుకు వస్తోందట, పడుకుంటే ఎక్కువట, మూడు రోజులనుంచట" అని వరుసగా చెప్పింది. డాక్టరుగారు ఆశ్చర్యపోయి మందు మార్చారు. ప్రాణం నిలవలేదు కానీ, ఆఖరి వారం బాధ తగ్గి పోయింది. ఆ భాష మా అమ్మాయి ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఆదివారం మధ్యాహ్నాలు మా ముందు గదిలో నేర్చుకుంది.

ఇప్పుడు పరిస్థితి మారింది. 1995లో తెలుగు ప్రైవేటు చానెళ్ళు వచ్చాయి, తర్వాత వందల్లో అయ్యాయి. 2014లో రాష్ట్రం రెండు అయ్యాక దూరదర్శన్ తెలుగు చానెల్ కూడా రెండు అయింది, అటు సప్తగిరి, ఇటు యాదగిరి. మన డాబాల మీది యాంటెన్నాలకు బొమ్మ పంపిన పాత ట్రాన్స్‌మిటర్లను, ఏవో కొన్ని మినహాయించి, 2022 నాటికి మూసేశారు. నెలనెలా చందా లేకుండా చూడదలిచిన పెన్షనర్లకు 2004లో మొదలైన ఫ్రీ డిష్ ఉంది, ఒకసారి గొడుగు, పెట్టె కొనుక్కుంటే చాలు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మార్చి 28 నుంచి రామాయణం మళ్ళీ వేశారు, మీరంతా చూసే ఉంటారు. మా ఇంట్లో చెప్పుల కుప్ప మాత్రం లేదు. రావడానికి వీల్లేదు కదా. మనవలు తలా ఒక ఫోను పట్టుకుని తలా ఒక గదిలో ఉన్నారు. ఎవరికి కావలసింది వాళ్ళకు దొరుకుతోంది. పక్కవాడికి ఏం కావాలో మాత్రం ఎవరికీ తెలియడం లేదు.

చివరిగా ఒక మాట చెప్పి ముగిస్తాను. రెండేళ్ళుగా నాకు ఎడమ చెవి సరిగా వినపడటం లేదు. కుడి చెవి కూడా దాని దారినే పోతోంది. ఇందాక అధ్యక్షులవారు చెప్పిన జోకుకు మీరు నవ్వారు కాబట్టి నేనూ నవ్వాను. (నవ్వులు) ఇక్కడ కూర్చున్నవారిలో నా జట్టువాళ్ళు చాలామందే ఉన్నారని నాకు తెలుసు, మిషను పెట్టుకున్నవాళ్ళూ, పెట్టుకోక దాచుకుంటున్నవాళ్ళూ. టి.వి. పెద్దగా పెడితే కోడలు విసుక్కుంటుంది, చిన్నగా పెడితే వినపడదు. కింద అక్షరాలు వస్తే బాగుండు అనిపిస్తుంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం అక్షరాలూ, సైగల భాషా ఉండాలనే చెబుతోంది. తెర మూలన చేతులతో చెప్పే మనిషి కనిపించినప్పుడల్లా ఇప్పుడు నేను చానెల్ మార్చను. ఒకప్పుడు "మనకెందుకు" అని గుడ్డ కప్పిన ఆ పావుగంట ఇప్పుడు నాదే అయింది.

అందుకని మిమ్మల్ని ఒకటే కోరుతున్నాను. మీ ఇంట్లో వారానికి ఒక్క గంట అందరూ ఒకచోట కూర్చోండి. మీ ఇష్టమైనది కాకుండా, ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషికి ఏది ఇష్టమో అడిగి అది పెట్టండి. నేను ఆలస్యంగా అడిగాను. మీరు ఆలస్యం చేయకండి.

నాకిచ్చిన పావుగంట దాటిపోయింది, కార్యదర్శిగారు వాచీ చూసుకుంటున్నారు.